ఒక్క డిష్‌లో రెండు ఉపగ్రహాలు

పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం



నాది 1985 పదో తరగతి బ్యాచ్. మూడో గది, కిటికీ పక్క బెంచీ. సంఘం కార్యదర్శి గారు ఫోన్ చేసి, "నువ్వు ఇంజనీరువి గదా, పిల్లలకు పనికొచ్చేది ఏదైనా ఒక ఇరవై నిమిషాలు చెప్పు" అన్నారు. ఈ రోజుల్లో ఇంజనీరు అనగానే కృత్రిమ మేధ గురించి చెప్పమంటారు. దాని గురించి నాకంటే మా అబ్బాయికి ఎక్కువ తెలుసు. నాకు తెలిసింది యాంటెన్నాలు. ముప్పై ఏళ్లు వాటి వెంటే తిరిగాను, టవర్లెక్కి దిగాను. అందుకని మీ అందరి మేడల మీదా ఉన్న వస్తువు గురించే చెబుతాను. కదలకుండా బిగించిన ఒక చిన్న డిష్‌తో ఒకటి కంటే ఎక్కువ ఉపగ్రహాలను అందుకోవడం ఎలాగ అన్నది విషయం. వినడానికి చిన్నదే. కానీ నేను ఇందులో రెండుసార్లు తప్పు చేశాను. మొదటి తప్పుకు జవాబు ఈ బడిలోనే, ఆ మూడో గదిలోనే ఉంది.

మన సంఘం పుట్టిన 1975లోనే ఉపగ్రహం టీవీ మన పల్లెలకు వచ్చింది. ఆ ఏడు ఆగస్టు 1న మొదలై సరిగ్గా ఒక సంవత్సరం నడిచిన సైట్ ప్రయోగం పెద్దవాళ్లకు గుర్తుండవచ్చు. అమెరికా వాళ్ల ఏటీఎస్-6 ఉపగ్రహం నుంచి ఆరు రాష్ట్రాల్లో 2,400 పల్లెలకు నేరుగా కార్యక్రమాలు వచ్చాయి. మన ఆంధ్రప్రదేశ్ అందులో ఒకటి. పంచాయతీ ఆఫీసు ముందు మూడు మీటర్ల జల్లెడ డిష్, లోపల ఒక టీవీ, దాని ముందు ఊరంతా. అప్పట్లో ఒక డిష్‌కు ఒక ఉపగ్రహం. రెండోది కావాలని అడిగేవాడు లేడు. రెండోది లేదు కూడా.

ఇప్పుడు అసలు విషయం. మనం వాడే టీవీ ఉపగ్రహాలన్నీ భూమధ్యరేఖకు సరిగ్గా పైన, 35,786 కిలోమీటర్ల ఎత్తున, భూమితో పాటే తిరుగుతుంటాయి. అందుకే మన కంటికి ఆకాశంలో ఒక్కచోటే మేకు కొట్టినట్లు నిలబడి ఉంటాయి. మనం రేఖకు ఉత్తరాన ఉన్నాం కాబట్టి దక్షిణం వైపు చూడాలి. అక్కడ తూర్పు నుంచి పడమరకు ఒక వంపు గీత మీద దండకు గుచ్చినట్లు వరసగా ఉంటాయి. ఒక్కొక్కదానికి రేఖాంశమే ఇంటి నంబరు. దూరదర్శన్ వారి ఉచిత డిష్ చానళ్లు వచ్చే జీశాట్-15 ఇంటి నంబరు 93.5 డిగ్రీల తూర్పు. డబ్బు కట్టి చూసే కంపెనీల్లో ఒకటి 83 దగ్గర, ఒకటి 88 దగ్గర, ఒకటి 95 దగ్గర, ఇంకొకటి 108 దాటాక. ఊళ్లో డిష్‌లన్నీ ఒకే వైపు చూస్తున్నట్లుంటాయి గానీ, కాస్త నిదానంగా చూస్తే ఒక్కో ఇంటి డిష్ ఒక్కో వైపు తిరిగి ఉంటుంది. కారణం ఇదే.

చాలామంది అనుకునేదేమిటంటే, డిష్ ఎటు తిరిగి ఉంటే అటు ఉన్న ఉపగ్రహం ఒక్కటే అందులో పడుతుందని. నేనూ అలాగే అనుకునేవాణ్ణి, ఇంజనీరింగ్ చదివి కూడా.

1994లో నాకు ఉద్యోగం కొత్త. సెలవుకి ఊరొచ్చాను. మన సెంటర్‌లో కేబుల్ టీవీ నడిపే ఆయన నాకంటే నాలుగేళ్లు సీనియర్, ఈ బడివాడే. ఆయన దగ్గర పన్నెండడుగుల జల్లెడ డిష్ ఒకటి ఉండేది. అది 105.5 డిగ్రీల దగ్గరున్న ఏషియాశాట్-1 వైపు పెట్టి ఉంది. స్టార్ వారి చానళ్లూ, జీ టీవీ అందులోంచే వచ్చేవి. ఆయనకు 93.5 దగ్గరున్న మన ఇన్‌శాట్ కూడా కావాలి. ఇంకో డిష్ కొనే స్తోమతు లేదు. "తమ్ముడూ, ఇంజనీరింగ్ చదివావు గదా, ఈ డిష్‌కే ఇంకో మూతి పెట్టరాదూ" అన్నాడు. నేను సరే అన్నాను. కాదనడానికి వయసు అడ్డొచ్చింది.

ఇన్‌శాట్ పడమటి వైపు ఉంది కదా, అందుకని రెండో ఫీడును ఉన్నదానికి పడమటి పక్కన కట్టాను. కింద టీవీ దగ్గర ఒకడు, మేడ మీద నేను. "వచ్చిందా?" "రాలా!" "ఇప్పుడో?" "చీమలే!" మధ్యాహ్నం పన్నెండు నుంచి పొద్దు గూకేదాకా అదే భాగోతం. వీధిలో జనం నవ్వుకుంటూ పోయారు. చివరికి ఉన్న ఏషియాశాట్ కూడా పోగొట్టి, దాన్ని మళ్లీ తెచ్చేసరికి రాత్రి తొమ్మిదయింది. ఆ రోజు క్రికెట్ మ్యాచ్ కూడా ఉంది. ఆయన నన్నేమీ అనలేదు. ఆయన భార్య మాత్రం భోజనానికి ఉండమనలేదు.

మర్నాడు మా ఫిజికల్ సైన్స్ మాస్టారు గారిని చూడటానికి వెళ్లాను. ఆయన అప్పటికి రిటైరయ్యారు. జరిగిందంతా చెప్పి, "డిష్ పాతదండీ, వంకరపోయింది" అని ముగించాను. ఆయన అంతా విని ఒక్క మాట అడిగారు. "ఒరే, వేపచెట్టు ఏ పక్కన పడింది?"

నాకు అర్థమవడానికి అర నిమిషం పట్టింది.

మా కాలంలో ఆ మూడో గది కిటికీలోంచి చూస్తే ఎడమ పక్క వేపచెట్టు, కుడి పక్క జెండా కొయ్య కనబడేవి. చెట్టు ఇప్పుడు లేదు, కొయ్య ఉంది. తొమ్మిదో తరగతిలో మాస్టారు పుటాకార దర్పణం పాఠం చెబుతూ, గడ్డం గీసుకునే గుండ్రటి అద్దం ఒకటి తెచ్చారు. తలుపులు మూయించి, ఒక్క కిటికీ తెరిపించి, అద్దాన్ని కిటికీకి ఎదురుగా పట్టుకున్నారు. దాని ముందు తెల్ల కాగితం పెట్టి ముందుకీ వెనక్కీ జరిపారు. ఒక దూరం దగ్గర కాగితం మీద కిటికీ బయటి లోకమంతా తలకిందులుగా, రంగుల్లో, అరచేతిలో పట్టేంత బొమ్మగా పడింది. మేమంతా మీద పడి చూశాం. "అద్దం కదిపానా?" అని అడిగారు. లేదండి అన్నాం. "మరి వేపచెట్టూ పడింది, జెండా కొయ్యా పడింది. రెండూ వేరువేరు చోట్ల ఎందుకు పడ్డాయి?" అని అడిగి, కాగితం మీద వేలితో చూపించారు. బయట ఎడమన ఉన్న చెట్టు వైపు చూస్తూ నిలబడితే, కాగితం మీద దాని బొమ్మ కుడివైపున ఉంది. కొయ్య ఎడమ వైపున ఉంది. పైనున్న కొమ్మలు కిందికి వచ్చాయి.

డిష్ అంటే అదే అద్దం. కాంతికి బదులు రేడియో తరంగాలు, కాగితానికి బదులు ఎల్‌ఎన్‌బీ. ఎల్‌ఎన్‌బీ అంటే డిష్ ముందు చేయి చాచి పట్టుకున్నట్లుండే ఆ తెల్లటి మూతి. అది తరంగాన్ని పట్టి, ఉన్న శబ్దానికి తన శబ్దం తక్కువ కలిపి, కేబుల్లో ప్రయాణించగలిగేటంత ఫ్రీక్వెన్సీకి దించి లోపలికి పంపుతుంది. ఆకాశంలో ఉన్న ఉపగ్రహాలన్నీ ప్రతి క్షణం మీ డిష్ మీద పడుతూనే ఉన్నాయి. ఒక్కొక్కదాన్నీ డిష్ ఒక్కో చోటికి పోగుచేస్తోంది. మనం ఒక్క చోటే మూతి పెట్టి, మిగతావన్నీ గాలికి వదిలేస్తున్నాం. రెండో చోట ఇంకో మూతి పెడితే రెండో ఉపగ్రహం అందుతుంది. డిష్ కదలనక్కర్లేదు. కాకపోతే తూర్పు ఉపగ్రహానికి మూతి పడమర పక్కన ఉండాలి. ఆకాశంలో కిందికున్న దానికి మూతి పైకి ఉండాలి. నేను పడమటి ఉపగ్రహానికి పడమర పక్కనే కట్టి సాయంత్రం దాకా వెతికాను. లేని చోట ఎంతసేపు వెతికితే ఏం లాభం?

మాస్టారు అద్దాన్ని కాస్త వాల్చి పట్టుకునేవారు, తన చెయ్యీ కాగితమూ వెలుగుకు అడ్డం రాకుండా. మన ఇళ్ల మీది చిన్న డిష్‌ల పద్ధతి అదే. పెద్ద గిన్నెలోంచి పక్క ముక్క ఒకటి కోసినట్లు చేస్తారు, ఎల్‌ఎన్‌బీ నీడ దాని మీద పడకుండా. దాన్ని ఆఫ్‌సెట్ డిష్ అంటారు. అందుకే అది చూస్తున్నట్లు కనబడే ఎత్తు ఒకటి, నిజంగా చూస్తున్న ఎత్తు ఒకటి. మన గుంటూరు ప్రాంతం నుంచి 93.5 ఉపగ్రహం నేల మీది నుంచి దాదాపు 66 డిగ్రీల ఎత్తున ఉంటుంది, అంటే చాలా పైన. డిష్ మాత్రం ఎదురింటి కొబ్బరిచెట్టు మొవ్వును చూస్తున్నట్లే ఉంటుంది. కొబ్బరిచెట్టు కొట్టించమని పొరుగువాళ్లతో తగాదా పెట్టుకున్నవాళ్లను నేనెరుగుదును. చాలాసార్లు ఆ చెట్టు అడ్డమే కాదు.

పక్క మార్చితే 1994లో ఇన్‌శాట్ వచ్చేదా అంటే, మచ్చుకు వచ్చేదేమో గానీ చూడదగ్గట్టు వచ్చేది కాదు. పరవలయం ఆకారపు గిన్నె సరిగ్గా ఎదురుగా ఉన్నదాన్ని మాత్రమే ఒక్క బిందువు దగ్గరికి తెస్తుంది. పక్కనున్నదాన్ని తోకచుక్కలాగా ఒక పక్కకు సాగదీస్తుంది. ఎంత పక్కకు పోతే అంత తోక. ఇందులో ఒక తమాషా ఉంది. ఎన్ని డిగ్రీలు పక్కకు అన్నది కాదు లెక్క, డిష్ చూపు వెడల్పుకు ఎన్ని రెట్లు పక్కకు అన్నది లెక్క. చూపు వెడల్పు కట్టడానికి చేతి లెక్క ఒకటుంది. తరంగం పొడవును డిష్ అడ్డకొలతతో భాగించి 70తో గుణించండి, డిగ్రీలు వస్తాయి. ఆ పన్నెండడుగుల డిష్‌కు, ఏడున్నర సెంటీమీటర్ల సీ బ్యాండ్ తరంగానికి చూపు వెడల్పు ఒకటిన్నర డిగ్రీ కూడా లేదు. నేను పన్నెండు డిగ్రీలకు పైగా పక్కన వెతుకుతున్నాను, అంటే ఎనిమిది తొమ్మిది చూపుల అవతల. అదే ఇంటి మీది 60 సెంటీమీటర్ల డిష్ తీసుకోండి. కేయూ బ్యాండ్ తరంగం రెండున్నర సెంటీమీటర్లు. చూపు వెడల్పు సుమారు మూడు డిగ్రీలు. పన్నెండు డిగ్రీలంటే నాలుగు చూపులే. పైగా దాని గిన్నె లోతు తక్కువ, మూతి దూరంగా ఉంటుంది కాబట్టి తోక కూడా తక్కువ. పెద్ద డిష్ చేయలేని పని చిన్న డిష్ చేస్తుంది. ఈ సంగతి నాకు చాలా ఇష్టం. పొట్టివాడిని కదా.

మాస్టారు 2009లో పోయారు. ఆ తర్వాత పదకొండేళ్లకు ఆయన ప్రశ్న మళ్లీ అవసరమైంది.

2020 మార్చిలో మా అమ్మను చూడటానికి నాలుగు రోజులకని ఊరొచ్చి, లాక్‌డౌన్‌లో ఇరుక్కుపోయాను. మా వెనక వీధిలో ఒక కుటుంబం. తండ్రి మిర్చి కోతలకూ, ఆటో నడపడానికీ పోతాడు. పెద్దపిల్ల ఈ బడిలోనే పదో తరగతి. ఆ నెలాఖరున జరగాల్సిన పరీక్షలు వాయిదా పడ్డాయి. బడి మూత. ఇంట్లో ఒక్కటే స్మార్ట్ ఫోను, అది తండ్రితో పోతుంది. అప్పుడే పదో తరగతి వాళ్లకు దూరదర్శన్ సప్తగిరిలో పాఠాలు మొదలుపెట్టారు. వాళ్ల మేడ మీద డిష్ ఉంది గానీ అది 83 దగ్గరున్న కంపెనీది. రీచార్జ్ అయిపోయి రెండు నెలలు. కట్టడానికి డబ్బుల్లేవు. ఉచిత డిష్ అయితే నెలవారీ కట్టేదేమీ లేదు, పాఠాలొచ్చే చానలూ అందులో ఉంది. "డిష్‌ను 93.5కి తిప్పేస్తే సరిపోతుందండీ" అన్నాను. వాళ్ల నాయనమ్మ మంచం మీంచి లేచి కూర్చుంది. "తిప్పితే నా సీరియల్ పోద్ది. పనులు మొదలవగానే మావాడు రీచార్జ్ చేయిత్తాడు. నా డిష్షు ముట్టుకోవద్దు" అంది. ఆ ఇంట్లో ఆవిడ మాటే మాట.

కొత్త డిష్ కొందామంటే దుకాణాల్లేవు. మండల కేంద్రంలో టీవీ మెకానిక్ ఒకతను ఉన్నాడు, ఇక్కడే నాకంటే పదేళ్లు జూనియర్. షాపు మూసి ఉంది గానీ ఇంట్లో పాత సామాను ఉందన్నాడు. కేయూ బ్యాండ్ ఎల్‌ఎన్‌బీ ఒకటి, వాడేసిన ఉచిత డిష్ పెట్టె ఒకటి ఇచ్చాడు. డబ్బు తీసుకోలేదు. రెండు ఎల్‌ఎన్‌బీలకు స్విచ్ కూడా కావాలా అన్నాడు. అక్కర్లేదన్నాను. ఒకే పెట్టె రెండు ఉపగ్రహాలూ చూడాలంటే డైసెక్ స్విచ్ అని చిన్న డబ్బా పెట్టాలి. పెట్టె కేబుల్లో 22 కిలోహెర్ట్జ్ చిరు శబ్దంతో "ఇప్పుడు ఒకటో మూతి, ఇప్పుడు రెండో మూతి" అని చెబితే అది మారుస్తుంది. ఇక్కడ కంపెనీ పెట్టె వేరు, ఉచిత పెట్టె వేరు. దేని కేబుల్ దానికే. నాయనమ్మ జోలికి పోనక్కర్లేదు.

మేడెక్కాను. ఈసారి పక్క తప్పలేదు. 93.5 తూర్పుకుంది కాబట్టి కొత్త మూతి పడమర వైపు. మన ఊరి నుంచి 83 ఎత్తు 71 డిగ్రీలు, 93.5 ఎత్తు 66. కిందికున్నదాని మూతి పైకి. ఎంత పక్కకు అన్నది చూడటానికి ఫోనులో దిక్సూచి తీశాను. ఒకటి 171 డిగ్రీల దిక్కున, ఒకటి 140 దిక్కున. తేడా 31. అది చూసి కంగారు పడనక్కర్లేదు. దిక్సూచి నేల మీద కొలుస్తుంది. ఉపగ్రహాలున్నది దాదాపు నడినెత్తి దగ్గర. గొడుగు అంచు దగ్గర దూరదూరంగా ఉన్న రెండు ఊచలు పైన కామ దగ్గర ఎలా దగ్గరవుతాయో, ఇదీ అంతే. ఆకాశంలో రెండింటి మధ్య నిజమైన కోణం 12 డిగ్రీల పైచిలుకు, అంతే. 60 సెంటీమీటర్ల డిష్‌కు డిగ్రీకి ముప్పావు సెంటీమీటరు, కాస్త ఎక్కువ వేసుకోవచ్చు. అంటే పాత మూతి నుంచి ఎనిమిది తొమ్మిది సెంటీమీటర్లు పక్కకు, కాస్త పైకి. కిటికీ గ్రిల్స్ చేసే అతని దగ్గర ఇనుప పట్టీ ముక్క తెచ్చి వంచి, పైపు క్లాంపులతో డిష్ చేతికి బిగించాను.

అమ్మాయి కింద టీవీ దగ్గర, మా అమ్మ ఫోను పట్టుకుని. నేను పైన. ఇరవై ఆరేళ్ల తర్వాత మళ్లీ అదే. "వచ్చిందా?" "స్ట్రెంగ్త్ ఎనభై ఉంది మామయ్యా!" ఆ ఎనభైని నమ్మకూడదు. ఎల్‌ఎన్‌బీకి కరెంటు అందుతోందని మాత్రమే దాని అర్థం. ఖాళీ ఆకాశం వైపు పెట్టినా అది ఎనభై చూపిస్తుంది. "దాని కింద క్వాలిటీ ఎంత?" "సున్నా." మెల్లగా జరిపాను. సున్నా. ఇంకా జరిపాను. "ముప్పై! ముప్పై రెండు!" అక్కడ ఆగిపోయింది. బొమ్మ గడులుగడులుగా వచ్చి నిలిచిపోతోంది. ఎటు జరిపినా తగ్గుతోంది. డిష్ పాతది, తుప్పు పట్టింది అని నోటిదాకా వచ్చింది. 1994లో మాస్టారితో అన్న మాటే.

తప్పు మెలికలో ఉంది. ఉపగ్రహం తరంగాలు నిలువుగా కొన్ని, అడ్డంగా కొన్ని ఊగుతూ వస్తాయి. పెట్టె 13 వోల్టులు పంపితే ఎల్‌ఎన్‌బీ ఒక రకాన్ని, 18 పంపితే రెండో రకాన్ని పట్టుకుంటుంది. ఆ నిలువు, అడ్డం మన నేలను బట్టి కాదు, ఉపగ్రహం ఉన్నచోటును బట్టి. మనకు దాదాపు ఎదురుగా ఉన్న 83కి మెలిక 9 డిగ్రీలు చాలు. పక్కకు పోయిన 93.5కి 38 డిగ్రీలు. నేను కొత్త మూతిని పాతదాని పక్కన మెలిక చూసుకోకుండా బిగించాను.  అంటే నిలువులో అడ్డం, అడ్డంలో నిలువు కలిసిపోతున్నాయి. ఉద్యోగంలో ఇతరులకు ఈ పాఠం ఎన్నిసార్లు చెప్పి ఉంటానో. క్లాంపు వదులు చేసి మూతిని తిప్పుతుంటే కింద నుంచి కేక. "యాభై! అరవై! అరవై నాలుగు! మామయ్యా, వచ్చేసింది, లెక్కల సారొచ్చారు!"

వాళ్ల నాన్న రెండు వారాల తర్వాత రీచార్జ్ చేయించాడు. పాత బొమ్మ పాతలాగే వచ్చింది. నాయనమ్మ దగ్గర నాకు పాస్ మార్కులు పడ్డాయి.

ఆ తర్వాత ఆ వీధిలో ఇంకో నాలుగిళ్లు అడిగారు. మూడింట్లో కుదిరింది. నాలుగో ఇంట్లో కుదరలేదు. వాళ్లది 95 దగ్గరున్న కంపెనీ. 95కీ 93.5కీ మధ్య తేడా ఒకటిన్నర డిగ్రీ. చిన్న డిష్‌లో ఆ రెండు బిందువుల మధ్య దూరం సెంటీమీటరు పైచిలుకు, ఎల్‌ఎన్‌బీ మూతి వెడల్పేమో ఆరు సెంటీమీటర్లు. ఇద్దరు ఒకే కుర్చీలో కూర్చోలేరు. ఐదారు డిగ్రీల కంటే దగ్గరున్నవాటికి ఈ పద్ధతి ఇబ్బందే. యూరప్‌లో 13 దగ్గర హాట్‌బర్డ్, 19.2 దగ్గర ఆస్ట్రా చూసేవాళ్లు ఎక్కువ కాబట్టి, ఆరు డిగ్రీల ఎడంతో రెండు మూతులను ఒకే డబ్బాలో పోతపోసి మోనోబ్లాక్ అని అమ్ముతారు. మనకు అలాంటిది దొరకదు, పట్టీ వంచుకోవాల్సిందే. కదలని డిష్‌తో ఇంకా వెడల్పు చూడాలంటే ఆకారమే మార్చాలి. టొరాయిడల్ డిష్‌లు ఉన్నాయి, వాటితో 40 డిగ్రీల మేర ఉన్న ఉపగ్రహాలన్నీ పట్టవచ్చు. పెద్ద కేంద్రాల్లో వాడే సిమల్‌శాట్ 70 డిగ్రీల మేర చూస్తుంది, రెండేసి డిగ్రీల ఎడంతో 35 ఉపగ్రహాలు. ప్యూర్టోరికోలోని అరెసిబోలో 1963 నుంచి 2020 డిసెంబరులో కూలిపోయే దాకా ఉన్న 305 మీటర్ల రేడియో టెలిస్కోపు కూడా ఈ జాతిదే. గిన్నె నేలలో కదలకుండా ఉండేది, పైన వేలాడే మూతిని జరిపి ఆకాశాన్ని వెతికేవారు.

ఈ పద్ధతికి ఖరీదు లేకపోలేదు. పక్క మూతికి సిగ్నల్ ఎప్పుడూ కొంచెం తక్కువే. జూన్‌లో మబ్బు పట్టగానే ముందు పోయింది పాఠాల చానలే. సీరియల్ ఇంకో పది నిమిషాలు నిలబడింది. ఆ అమ్మాయి మబ్బుకేసి తిట్టడం మా అమ్మ విని నవ్వింది. ఇంకో మాట. మేడ మీది డిష్ మీ సొంతమా, కంపెనీ అద్దెకిచ్చిందా అన్నది చూసుకుని చెయ్యి పెట్టండి. డబ్బు కట్టాల్సిన చానళ్లు ఎన్ని మూతులు పెట్టినా ఊరికే రావు. ఆ ఆశతో మేడెక్కేవాళ్లకు ముందే చెబుతున్నాను.

పదో తరగతి పరీక్షలు ఏమయ్యాయో మీకు తెలుసు. జూన్‌లో రద్దు చేసి అందరినీ పాస్ చేశారు. ఆ సాయంత్రం ఆ పిల్ల మా ఇంటికొచ్చి, "మరి నేను చూసిన పాఠాలన్నీ ఏం చేసుకోను మామయ్యా?" అంది. నా దగ్గర జవాబు లేదు. మా అమ్మ చేగోడీలు పెట్టింది. ఆ పిల్ల తర్వాత ఎలక్ట్రానిక్స్ తీసుకోలేదు, బీకాం చదివింది. ఇప్పుడు గుంటూరులో ఒక ఆడిటర్ దగ్గర పనిచేస్తోంది. ఈ రోజు సభకు వచ్చింది. ఆ వెనక ఎక్కడో ఉంది. వాళ్ల చెల్లెలు ఇక్కడే తొమ్మిది.

పోయిన మార్చిలో ఆ చెల్లెలూ ఇంకో పదిమంది పిల్లలూ కలిసి మన బడి మేడ మీద 90 సెంటీమీటర్ల డిష్ ఒకటి బిగించారు. నేను కింద కుర్చీ వేసుకుని కూర్చున్నాను. మూడు మూతులు, 83, 88, 93.5. మొదటి రెంటిలో బొమ్మ రాదు, మీటరులో ఉపగ్రహం అందినట్లు గుర్తు మాత్రం పడుతుంది. మూడోదానిలో పాఠాలొస్తాయి. మెలికలు పిల్లలే లెక్కకట్టారు. ఒకటి తప్పు కట్టారు. నేను చెప్పలేదు, వాళ్లే పట్టుకున్నారు.

అది బిగించింది కావాలనే మార్చి మధ్యలో. ఆ రోజుల్లోనూ, మళ్లీ సెప్టెంబరు చివరా అక్టోబరు మొదటా సూర్యుడు ఉపగ్రహాల వరస మీదుగా పోతాడు. పొద్దున పదకొండు దాటాక ముందు 93.5 వెనక్కి వస్తాడు. ఆ రెండు మూడు నిమిషాలు డిష్ పోగుచేసిన వెలుగు సరిగ్గా ఆ మూతి మీద పడి మెరుస్తుంది. టీవీలో బొమ్మ పోతుంది. తర్వాత ఆ వెలుగు మచ్చ తూర్పుకు పాకుతూ 88 మూతి మీదికి, తొలి మెరుపు నుంచి ముప్పావు గంట గడిచాక 83 మూతి మీదికి వస్తుంది. సూర్యుడు పడమరకు, మచ్చ తూర్పుకు. మాస్టారి కాగితం మీది వేపచెట్టు లాగానే. పిల్లలు మూడు మూతుల మీదా మచ్చ పడిన టైములు సుద్దముక్కతో పిట్టగోడ మీద రాసిపెట్టారు. వానకు పోకుండా తర్వాత రంగు వేశారట.

చూడాలనుకున్నవాళ్లు భోజనాలయ్యాక నాతో రండి. ఇనుప నిచ్చెనలో కింది నుంచి మూడో మెట్టు కదులుతోంది. దాని మీద కాలు పెట్టకుండా ఎక్కండి.